చేతులారా పెంచిన ఏనుగులు: టోక్యో జూ కీపర్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక జూ గురించి. పులి బరువెంత, జిరాఫీ మెడ పొడవెంత లాంటి లెక్కలు కాదు. పొద్దున్నే తాళాలు తీసి, పేడ ఎత్తి, మేత వేసే మనుషుల గురించి. మనం జూకి వెళ్తే ఏం చేస్తాం? బోను ముందు సెల్ఫీ దిగుతాం, పాప్‌కార్న్ తింటాం, వచ్చేస్తాం. ఆ బోనుకి వెనకవైపు ఒక చిన్న తలుపు ఉంటుంది. రోజూ ఆ తలుపులోంచి వెళ్ళొచ్చే మనిషే యానిమల్ కీపర్. ఆయన పేరు మనకి తెలీదు, లోపలున్న జంతువుకి మాత్రం ఆయన అడుగుల చప్పుడు కూడా తెలుసు.

1943లో టోక్యోలో అలాంటి కీపర్లకి ఒక ఆర్డర్ వచ్చింది. తాము పెంచిన జంతువుల్ని తామే చంపాలి. అందులో మూడు ఏనుగులు కూడా ఉన్నాయి.

ఈ కథ ఇంటర్నెట్‌లో చాలామంది చెప్పారు, మీలో కొందరు వినే ఉంటారు. కానీ ఎక్కువమంది చెప్పేదాంట్లో ఒక పెద్ద తప్పు ఉంది. అది చిన్న తప్పు కాదు, కథ అర్థమే మారిపోయేంత తప్పు. అక్కడికి వస్తాను.

ఉయెనో జూ జపాన్‌లో మొట్టమొదటి జూ. 1882లో తెరిచారు. 1943 నాటికి అక్కడ మూడు ఏనుగులు ఉండేవి. మగ ఏనుగు జాన్, ఆడ ఏనుగు టోంకీ, ఈ రెండూ 1924లో ఇండియా నుంచి వెళ్ళినవే. మూడోది వాన్రీ, 1935లో సియాం నుంచి, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. దానికి జపాన్ వాళ్ళు హనాకో అని పేరు పెట్టుకున్నారు. హనాకో అనే పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్ళీ వస్తుంది.

జాన్ కాస్త మొండిది, దూకుడు ఎక్కువ. టోంకీ, హనాకో మాత్రం సాధువులు. పిల్లల ముందు ఆటలు ఆడేవి, తొండం ఎత్తి సలాం కొట్టేవి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మూడు నాలుగు టన్నుల జంతువు ఒక యాభై అరవై కిలోల మనిషి మాట ఎందుకు వింటుంది? మన మావటివాళ్ళని అడిగితే అంకుశం సంగతి తర్వాత చెప్తారు, ముందు తిండి సంగతి చెప్తారు. రోజూ అదే మనిషి, అదే గొంతు, అదే వేళకి మేత. ఏనుగు రోజుకి 100 కిలోలకి పైనే తింటుంది. అంటే దాని రోజులో ఎక్కువ భాగం తినడమే. ఆ తిండి ఎవరి చేతి నుంచి వస్తుందో ఆ చేతిని అది నమ్ముతుంది. కాలు ఎత్తమంటే ఎత్తుతుంది, గోళ్ళు కోయనిస్తుంది, పుండుకి మందు రాయనిస్తుంది. కీపర్ దగ్గర ఉన్న అసలు పనిముట్టు ఆ నమ్మకమే. అది సంపాదించడానికి ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు 1943 ఆగస్టుకి వద్దాం. జపాన్ యుద్ధంలో ఓడిపోవడం మొదలైంది. అప్పుడే టోక్యోకి కొత్త గవర్నర్ వచ్చాడు, పేరు ఒదాచి షిగెయో. అంతకుముందు జపాన్ సైన్యం ఆక్రమించుకున్న సింగపూర్‌కి ఆయన మేయర్‌గా చేశాడు. అక్కడ ఉండి యుద్ధం ఎటు పోతోందో చూసిన మనిషి. టోక్యోకి వచ్చి చూస్తే జనం ఇంకా గెలుస్తున్నాం అనే ధైర్యంతో ఉన్నారు. ఆగస్టు 16న ఆయన నుంచి జూకి ఆర్డర్ వచ్చింది. ప్రమాదకరమైన జంతువుల్ని చంపేయాలి. తుపాకులు మాత్రం వాడకూడదు, చప్పుడైతే చుట్టుపక్కల జనం కంగారు పడతారు.

జూ డైరెక్టర్ కోగా తదమిచి అప్పటికి సైన్యంలో డ్యూటీలో ఉన్నాడు. ఆయన బదులు జూ చూసుకుంటున్నది ఫుకుదా సబురో. ఆర్డర్ ఆయన చేతికి వచ్చింది. చేయాల్సింది కీపర్లు.

విషం వాడారు, స్ట్రిక్నిన్ అనేది. తిండిలో కలిపి పెట్టారు. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, పాములు... ఇరవైకి పైగా జంతువులు పోయాయి. ఆ సింహాల్లో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ బహుమతిగా పంపినవి కూడా ఉన్నాయి. ఒక చిరుత సంగతి వింటే మనసు పాడవుతుంది. దాని పేరు హాచి. చైనాలో యుద్ధం చేస్తున్న ఒక జపాన్ సైనికుడికి అది కూనగా దొరికింది. పాలు పట్టి పెంచాడు. తను వేరే చోటికి వెళ్ళాల్సి వస్తే, దీనికి సేఫ్‌గా ఉంటుందని 1942లో ఉయెనో జూకి పంపించాడు. మనుషుల మధ్య పెరిగిన చిరుత. సరిగ్గా ఆ అలవాటే దాన్ని మోసం చేసింది, పెట్టింది తినేసింది.

ఏనుగులు తినలేదు. విషం కలిపిన బంగాళాదుంపలు ఇస్తే తొండంతో తీసుకుని, వాసన చూసి, పక్కన పడేశాయి. దాంతో ఇంకో దారి ఎంచుకున్నారు. తిండి, నీళ్ళు ఆపేయడం.

జాన్‌కి ఆర్డర్ రాకముందే, ఆగస్టు 13 నుంచే ఆపేశారు. అది 17 రోజులకి, ఆగస్టు 29న చనిపోయింది. హనాకో, టోంకీలకి ఆగస్టు 25 నుంచి ఆపేశారు. హనాకో సెప్టెంబర్ 11న పోయింది. టోంకీ సెప్టెంబర్ 23 దాకా ప్రాణం నిలుపుకుంది, దాదాపు నెల రోజులు.

ఆ నెల రోజులూ కీపర్లు సెలవు పెట్టి ఇంటికి పోలేదు. రోజూ డ్యూటీకి వచ్చారు. వాళ్ళు కనిపిస్తే టోంకీ ఏం చేసేదో తెలుసా? లేని ఓపిక తెచ్చుకుని, తనకి నేర్పిన ఆట ఆడేది. తొండం ఎత్తి సలాం పెట్టేది. ఎందుకంటే ఇన్నేళ్ళూ ఆట ఆడితే తిండి దొరికింది. ఈసారి సరిగ్గా ఆడలేదేమో, ఇంకోసారి ఆడితే ఇస్తారేమో అని. అది నిజంగా అలా అనుకుందో లేదో నాకు తెలీదు, ఏనుగు మనసులో దూరి చూడలేం కదా. కానీ ఇందాక చెప్పిన నమ్మకం, కీపర్ ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించిన నమ్మకం, చివరికి ఇలా ఎదురొచ్చి నిలబడింది. నెల రోజులు అంత పెద్ద జంతువు ఎలా బతికిందా అని లెక్క వేసుకుంటే, ఎవరో ఒకరు చాటుగా ఏదో పెట్టే ఉంటారని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, అలాగే తీసుకోండి.

ఇందులో ఇంకా భయంకరమైన ముక్క ఒకటుంది. సెప్టెంబర్ 4న జూలోనే చనిపోయిన జంతువులకి సంతాప సభ పెట్టారు. బౌద్ధ గురువులు వచ్చి మంత్రాలు చదివారు. గవర్నర్ వచ్చాడు, స్కూలు పిల్లలు వచ్చారు. దేశం కోసం ప్రాణం ఇచ్చిన జంతువులు అన్నట్టు పెద్ద కార్యక్రమం. డేట్లు ఇంకోసారి చూడండి. సెప్టెంబర్ 4 నాటికి హనాకో, టోంకీ బతికే ఉన్నాయి! జనానికి కనపడకుండా అడ్డంగా తెర కట్టారు. బతికున్న ఏనుగులకి, తెర ఇవతల కర్మకాండ.

ఇప్పుడు ఆ తప్పు సంగతి. ఈ కథతో జపాన్‌లో పిల్లల పుస్తకం ఒకటి చాలా ఫేమస్. త్సుచియా యుకియో రాశాడు. ఇంగ్లిష్‌లోకి కూడా వెళ్ళింది. అందులో, ఆ తర్వాత దాన్ని పట్టుకుని చెప్పిన చాలా వీడియోల్లో, టోక్యో మీద రోజూ బాంబులు పడుతుంటాయి. బోన్లు బద్దలై సింహాలు, ఏనుగులు ఊరి మీద పడితే ఎలా అని, వేరే దారి లేక చంపారు అని ఉంటుంది. వినడానికి కరెక్టే అనిపిస్తుంది. కానీ 1943 ఆగస్టులో టోక్యో మీద బాంబులు పడట్లేదు. అంతకుముందు 1942 ఏప్రిల్‌లో ఒక్కసారి అమెరికా విమానాలు వచ్చి దాడి చేసి వెళ్ళాయి, డూలిటిల్ దాడి అంటారు. వరసగా దాడులు మొదలైంది 1944 నవంబర్‌లో. అంటే ఏనుగులు చచ్చిపోయిన ఏడాది తర్వాత.

జూ దగ్గర ప్లాన్ లేదా అంటే ఉంది. 1941లోనే ఎమర్జెన్సీ ప్లాన్ రాసుకున్నారు. దాడి జరిగితే ఏ జంతువుతో ఎంత ప్రమాదం, ముందు దేన్ని, తర్వాత దేన్ని అని. కానీ ఇక్కడ దాడి జరగనేలేదు.

ఇంకో సంగతి. ఫుకుదా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టోంకీని సెందాయ్ ఊరి జూకి పంపించడానికి మాట్లాడాడు. వాళ్ళు సరే అన్నారు కూడా! ఏనుగు బతికే దారి దొరికినట్టే. పైనుంచి కుదరదన్నారు. ఎందుకు కుదరదు? ఏనుగు వేరే ఊరికి వెళ్ళి హాయిగా బతికితే జనానికి షాక్ ఎక్కడ తగులుతుంది? గవర్నర్‌కి కావాల్సింది ఆ షాకే. యుద్ధం ఇంటి గుమ్మం దాకా వచ్చింది, త్యాగాలకి సిద్ధపడండి అని నోటితో చెప్పకుండా చెప్పడం. దీని మీద పరిశోధన చేసినవాళ్ళు చెప్పేది ఇదే, నాకూ ఇదే నిజమనిపిస్తోంది. ఆ గవర్నర్ తర్వాత హోం మంత్రి అయ్యాడు. యుద్ధం అయిపోయాక 1953లో విద్యాశాఖ మంత్రి కూడా అయ్యాడు. పిల్లల చదువుల శాఖ!

బాంబులు పడుతుంటే వేరే దారి ఉండదు అనే మాటకి జవాబు రష్యాలో ఉంది. లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్ సైన్యం 1941 నుంచి 1944 దాకా చుట్టుముట్టింది, 872 రోజులు. అక్కడ మనుషులకే తిండి లేదు, లక్షల మంది ఆకలితో పోయారు. బాంబులు నిజంగానే పడ్డాయి, జూ మీద కూడా. బెట్టీ అనే ఏనుగు వాటికే బలైంది. అదే జూలో క్రసావిత్సా అనే నీటిగుర్రం ఉండేది. రష్యన్‌లో ఆ పేరుకి అందగత్తె అని అర్థం. నీటిగుర్రం చర్మం తడి ఆరితే పగిలి రక్తం వస్తుంది. కుళాయిలు పనిచేయట్లేదు. దాని కీపర్ యెవ్‌దొకియా దాషినా అనే ఆవిడ, రోజూ నేవా నది నుంచి బండి మీద నీళ్ళు లాగి తెచ్చి దాన్ని కడిగేది. రోజుకి 40 బకెట్లు అంటారు. కర్పూర తైలం రాసేది. బాంబుల మోతకి అది బెదిరిపోతుంటే పక్కనే దాన్ని పట్టుకుని పడుకునేది. క్రసావిత్సా యుద్ధం దాటి బతికింది. నేను ఉయెనో కీపర్లని తప్పు పట్టడానికి ఇది చెప్పట్లేదు. దాషినాకి కష్టాలన్నీ ఉన్నాయి, కానీ చంపమని ఆర్డర్ లేదు. ఉయెనో వాళ్ళకి ఉంది. తేడా అక్కడుంది.

జపాన్‌లోనే నగోయా ఊళ్ళో హిగాషియామా జూ ఉంది. అక్కడ సర్కస్ నుంచి కొన్న నాలుగు ఏనుగులు ఉండేవి. 1944 డిసెంబర్‌లో అక్కడ కూడా సింహాలు, పులుల్ని కాల్చేశారు. డైరెక్టర్ కితావో ఎయిచి మాత్రం ఏనుగుల్ని వదిలేయమని అధికారుల్ని బతిమాలుకున్నాడు. ఇవి ఎవరినీ ఏమీ చేయవు, గొలుసులు వేసి కట్టేస్తాం అని ఒప్పించాడు. రెండు ఏనుగులు యుద్ధం అయ్యేలోపే పోయాయి. మకానీ, ఎల్డో అనే రెండు మాత్రం బక్కచిక్కి అయినా మిగిలాయి.

1949కి వద్దాం. టోక్యోలో ఒక తరం పిల్లలు ఏనుగుని బొమ్మల్లో తప్ప చూడలేదు. ఉయెనో చుట్టుపక్కల పిల్లలు మీటింగ్ పెట్టుకుని, నగోయాలో రెండున్నాయి కదా, ఒకటి అప్పిమ్మని అడుగుదాం అని తీర్మానం చేశారు. ఇద్దరు పిల్లలు ప్రతినిధులుగా నగోయా వెళ్ళారు. అక్కడివాళ్ళు కాదనలేక మకానీని, ఎల్డోని విడదీసి చూశారు. అవి తట్టుకోలేకపోయాయి, గోడలకి, తలుపులకి గుద్దుకుంటూ గోల గోల చేశాయి. యుద్ధమంతా పక్కపక్కన బతికినవి మరి. పిల్లలే అర్థం చేసుకుని వద్దన్నారు. ఏనుగు టోక్యోకి రాలేకపోతే టోక్యో పిల్లలే ఏనుగు దగ్గరికి వెళ్ళాలని స్పెషల్ రైళ్ళు వేశారు. వాటికి ఏనుగు రైలు అనే పేరు. వేల మంది పిల్లలు వెళ్ళి ఆ రెండింటినీ చూసొచ్చారు.

ఆ పిల్లలే ఇంకో పని చేశారు. మన ప్రధాని నెహ్రూకి ఉత్తరాలు రాశారు. ఒకటీ రెండూ కాదు, వెయ్యి దాకా. బొమ్మలు గీసి, మాకో ఏనుగుని పంపండి అని. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్ళు. నెహ్రూ మైసూరు వైపు నుంచి పదిహేనేళ్ళ ఆడ ఏనుగుని ఎంపిక చేయించి, దానికి కూతురి పేరు పెట్టి పంపించాడు. ఇందిర. 1949 సెప్టెంబర్ చివర్లో అది టోక్యో చేరింది. అప్పగించే కార్యక్రమానికి జపాన్ ప్రధాని యోషిదా కూడా వచ్చాడు.

అందరూ నెహ్రూ గురించి, ఉత్తరాల గురించి చెప్తారు. నాకు నచ్చింది వేరే ముక్క. ఇందిరకి జపనీస్ రాదు కదా! అది కన్నడ మాటలకి అలవాటు పడిన ఏనుగు. కూర్చో అన్నా, కాలెత్తు అన్నా కన్నడంలోనే చెప్పాలి. ఇక్కడి నుంచి వెళ్ళిన మావటివాళ్ళ దగ్గర ఉయెనో కీపర్లు ఆ మాటలు నేర్చుకోవాల్సి వచ్చింది. ఆరేళ్ళ క్రితం ఏనుగుల కడుపు మాడ్చాల్సి వచ్చిన ఆ జూలోనే, టోక్యో కీపర్లు నోరు తిరక్కపోయినా కన్నడ మాటలు వల్లె వేస్తున్న సీన్ ఊహించుకోండి.

ఇందిర 1983 దాకా అక్కడే బతికింది. 1957లో నెహ్రూ జపాన్ వెళ్ళినప్పుడు ఆ ఏనుగుని చూడ్డానికి వెళ్ళాడు, పక్కన అసలు ఇందిర కూడా ఉన్నారు. మన వైపు హైదరాబాద్ జూకి నెహ్రూ పేరు, విశాఖ జూకి ఇందిరా గాంధీ పేరు ఉన్నాయి. ఉయెనో కథ చదివాక ఆ బోర్డులు చూస్తే నాకు ఈ ఏనుగే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

ఇందిర కంటే కొన్ని రోజుల ముందే థాయ్‌లాండ్ నుంచి ఉయెనోకి ఇంకో ఏనుగు వచ్చింది. రెండున్నరేళ్ళ పిల్ల ఏనుగు. దానికి ఏం పేరు పెట్టారు? హనాకో. ఆకలితో పోయినదాని పేరే.

ఈ హనాకోని 1954లో టోక్యోలోనే ఇనోకషిరా పార్క్ జూకి మార్చారు. 1956లో ఒక రాత్రి, తాగిన మనిషి ఒకడు లోపలికి దూరాడు, దాని కాళ్ళ కింద పడి చచ్చిపోయాడు. 1960లో తన కీపర్‌నే తొక్కి చంపింది. ఇక దాన్ని గొలుసులతో కట్టేశారు. హంతక ఏనుగు అని పేరు పడింది. తిండి మానేసి చిక్కిపోయింది. అప్పుడు వచ్చాడు యమకావా సెయిజో అనే కొత్త కీపర్. తన ముందు పనిచేసిన కీపర్‌ని చంపిన ఏనుగు అది. వచ్చిన కొద్ది రోజులకే దాని గొలుసులు విప్పేశాడు. పిచ్చి ధైర్యమా అంటే నేను కాదంటాను. కట్టేసిన జంతువు దగ్గర నమ్మకం పుట్టదని ఆయనకి తెలుసు. ఏళ్ళ తరబడి రోజూ పక్కన నిలబడి, మాట్లాడుతూ, నిమురుతూ, మెల్లగా దాన్ని దారికి తెచ్చాడు. మొత్తం 30 ఏళ్ళు ఆ ఒక్క ఏనుగుతోనే గడిపాడు.

దీన్ని తీపి కథగా ముగించేయొచ్చు, కానీ ఇంకోటి కూడా చెప్పాలి. హనాకో బతుకంతా దాదాపు ఒంటరిగా, కాంక్రీటు నేల మీదే గడిచింది. ఏనుగు గుంపులో బతికే జంతువు. చివరి రోజుల్లో దాని ఫొటోలు, వీడియోలు ఇంటర్నెట్‌లో తిరిగి, ఇదేం బతుకు అని విదేశాల నుంచి ఆన్‌లైన్ పిటిషన్లు నడిచాయి. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ అప్పటికి అది ముసలిదైపోయింది, నోట్లో ఒకే పన్ను మిగిలింది, కొత్త చోటికి తీసుకెళ్తే తట్టుకోదన్నారు. కీపర్లు పళ్ళు, కూరలు సన్నగా తరిగి, నమలక్కర్లేకుండా చేసి పెట్టేవాళ్ళు.

2016 మే నెలలో, 69 ఏళ్ళ వయసులో హనాకో పోయింది. ఆ తర్వాతి ఏడాది అక్కడికి దగ్గర్లోని కిచిజోజి రైల్వే స్టేషన్ ముందు దాని కంచు విగ్రహం పెట్టారు. ఎవరినైనా కలవాలంటే ఏనుగు దగ్గర ఉంటాను అని చెప్పుకోవచ్చు.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్, ఉంటాను.